లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడు

లిఫ్టు పనివాళ్ళలో చెవుల మేస్త్రిని ఎరగనివాళ్ళు లేరు. అలాగని ఆయన చెవులు పెద్దవేమీ కావు, అందరికీ ఉన్నంతే. మిగతా మెకానిక్కులు రాగానే మీటరు తీసి తీగలకు తగిలిస్తే, ఈయన ముందు లిఫ్టులోకి వెళ్ళి తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒకసారి పైకీ కిందికీ తిరిగి వచ్చేవాడు. వచ్చి, "రెండో అంతస్తు దాటాక ఎడమవైపు పట్టాకి నూనె చాలట్లేదు" అనో, "బ్రేకు అలిసిపోయింది పాపం" అనో, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేదన్నట్టు చెప్పేవాడు. అందుకే ఆ పేరు వచ్చింది. పేరు పెట్టినవాళ్ళు ఎగతాళికే పెట్టారు గానీ, ఆయన దాన్ని పతకంలా పెట్టుకు తిరిగాడు.

మేస్త్రికి ఇంకో గొప్ప కూడా ఉండేది. పనిలో ఉన్నంతసేపూ చుక్క ముట్టేవాడు కాదు. మనుషుల ప్రాణాలు తాడు మీద వేలాడే పని ఇది, తాగినవాడు దీన్ని తాకకూడదని కుర్ర మెకానిక్కులకి గట్టిగా చెప్పేవాడు. ఆ మాట పూర్తిగా నమ్మి చెప్పేవాడు. పొద్దుటి షిఫ్టు ముగించి ఇంటికొచ్చి, తిని, కాస్త నడుం వాల్చి లేచాక మాత్రం కాళ్ళు వాటంతటవే బ్రాందీ దుకాణం ఉన్న సందు మలుపు తిరిగేవి.

"మీ కాళ్ళకున్న జ్ఞాపకశక్తి మీ తలకి ఉంటే ఈపాటికి ఇంజనీరయ్యేవారు" అనేది భార్య.

ఆవిడ ఒక పిల్లల బడి వంటగదిలో పనిచేసేది. ఆవిడ అన్నది నిజమేనని మేస్త్రికి తెలుసు. కానీ పనిలో వేలెత్తి చూపించుకోని మనిషికి సాయంత్రం పూట ఎవరేమన్నా చెవికెక్కదు. తాగుబోతంటే పని పోగొట్టుకున్నవాడు, రోడ్డు పక్కన పడిపోయినవాడు అని ఆయన లెక్క. తను పడిపోలేదు. రోజూ నడిచే ఇంటికి వచ్చేవాడు.

ఆ లెక్క మనవరాలు పుట్టాక తప్పింది.

కూతురు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగి. కూతురూ అల్లుడూ అదే ఇంటి పైభాగంలో ఉండేవారు. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆ అమ్మాయి ల్యాబులో నియమాలన్నీ ఇంటికి దిగుమతి చేసింది. పాపని ఎత్తుకోవాలంటే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. ఉతికిన తువ్వాలుతోనే తుడుచుకోవాలి. కుర్చీలో కూర్చున్నాకే చేతులు చాపాలి. అరచెయ్యి మెడ కిందికి వెళ్ళిందని తను కళ్ళారా చూశాకే వదిలేది. అసలు ఎవరు గుమ్మంలోకి వచ్చినా పలకరింపు బదులు "చేతులు కడుక్కో" అనేది. ఆ మాట అన్నదంటే పాప చేతికి వచ్చినట్టే.

"లిఫ్టు ఎక్కడానికి కూడా ఇన్ని షరతులుండవే" అనేవాడు మేస్త్రి, చేతులు తోముకుంటూ.

"లిఫ్టు పడితే బ్రేకు పట్టుకుంటుంది నాన్నా. దీనికి బ్రేకు లేదు" అనేది కూతురు.

ఒకరోజు సాయంత్రం మేస్త్రి వచ్చి, అడక్కుండానే చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చుని చేతులు చాపాడు. కూతురు వంటగదిలో ఏదో పనిలో ఉండి, వాసన పసిగట్టేలోపే పాపని ఒళ్ళో పెట్టేసింది. పాప వెచ్చగా, బరువుగా నిద్రపోతోంది. మేస్త్రికి కూడా రెప్పలు వాలాయి. ఎంతసేపో ఆయనకి తెలియదు. కళ్ళు తెరిచేసరికి పాప తల ఆయన మోచేతి మీదనుంచి అవతలికి జారి ఉంది, దాని కింద కూతురి అరచెయ్యి ఉంది. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. పాపని మెల్లగా ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అరిచినా బాగుండేది.

ఆ రోజు తర్వాత ఆయనని చూసి "చేతులు కడుక్కో" అనడం మానేసింది.

మేస్త్రి డాక్టరు దగ్గరికి తనే నడిచి వెళ్ళాడు. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు తిరగబడుతుందని, దగ్గరుండి చూసుకోవాలని డాక్టరు కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచాడు. వణుకు తగ్గింది, అన్నం సయించింది, నిద్ర పట్టింది. ఒంటి సంగతి డాక్టరు చూశాడు గానీ సాయంత్రాల సంగతి ఎవరూ చూడలేదు. ఇంటికి వచ్చాక ఒకసారి కాలు సందు తిరిగింది. మళ్ళీ మానాడు. మళ్ళీ తిరిగింది. మూడోసారి మానేసి, ఈసారి చెప్పుల్ని బీరువా పైన పడేసి, సాయంత్రాలు గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

"మానేశాను తల్లీ" అన్నాడు కూతురితో.

"ఆ మాట చెప్పడానికి నీకు నోరుంది, సరిచూసుకోడానికి నా దగ్గర పరీక్ష లేదు" అంది కూతురు. కోపంగా కాదు, రిపోర్టు చదివినట్టు అంది. "ఒక్కడివే కూర్చుని పళ్ళు బిగబడితే ఎన్నాళ్ళు ఆగుతుంది నాన్నా? ఆసుపత్రిలో కౌన్సెలరమ్మ చెప్పింది. గురువారం సాయంత్రాలు ఒక మీటింగు జరుగుతుందట. తాగుడు మానినవాళ్ళే నడుపుతారట. అక్కడికి వెళ్ళు. నా సెలవు అయిపోతోంది. అమ్మ మధ్యాహ్నం దాకా రాదు, ఆయనకి పగటి డ్యూటీ. నీకు సెలవున్న రోజుల్లో దీన్ని నీ చేతుల్లో పెట్టి వెళ్ళగలనా లేదా, అది నాకు తేలాలి."

మేస్త్రి తలూపాడు. లిఫ్టుని ప్రయాణికులకి వదిలేముందు ఎవరైనా చూసి సరేననాలి. అది ఆయనకి కొత్త సంగతి కాదు.

గురువారం షిఫ్టు ఎప్పుడో అయిపోయినా, పనిముట్ల సంచీ భుజాన వేసుకునే బయల్దేరాడు.

"మీటింగుకి స్పానర్లెందుకు?" అంది భార్య.

"ఉండనీ. ఎప్పుడేం అవసరమొస్తుందో."

"ఎవరికైనా బోల్టు వదులైతే బిగిస్తారా ఏం?"

అసలు కారణం ఆవిడకీ తెలుసు. సంచీ ఉంటే దారిలో ఎవరు ఎదురైనా పనికి వెళ్తున్నాననచ్చు.

అది పాత నాలుగంతస్తుల మేడ. కింద ప్రింటింగ్ ప్రెస్సు. సిరా వాసన, కాగితం కోసే మిషను చప్పుడు. మెట్ల పక్క గోడ నిండా బోర్డులు: పళ్ళ డాక్టరు, లెక్కల ట్యూషన్, బీమా ఏజెంటు, భాషలు నేర్పే స్కూలు. మేస్త్రి వెతుకుతున్న మీటింగుకి బోర్డు లేదు. ఉంటుందని అనుకోలేదు గానీ, లేకపోయేసరికి కాస్త చిరాకేసింది. లిఫ్టు తలుపుకి "పనిచేయదు" అని ఒక అట్ట వేలాడుతోంది. ఆ అట్ట అంచులు నలిగి ఉన్న తీరు చూస్తే చాలాకాలంగా పనిచేయనట్టుంది. మెట్లెక్కాడు.

మూడో అంతస్తులో ఒక తలుపు తెరిచి ఉంది. లోపల కొంతమంది కుర్చీల్లో వరసగా కూర్చుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని, నేల చూపులు చూస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చేసినదానికి ఇంతగా కుమిలిపోతున్నవాళ్ళని మేస్త్రి ఎక్కడా చూడలేదు. ఇదేననుకుని, చప్పుడు కాకుండా చివరి కుర్చీలో కూర్చుని తనూ తల దించుకున్నాడు.

తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చి వంగి, "ఏ పన్నండీ?" అంది.

మేస్త్రి ఎలా లేచాడో, ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలియదు. తలుపు దాటాక మాత్రం ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ నవ్వుతో మిగిలిన మెట్లు తేలిగ్గా ఎక్కాడు.

నాలుగో అంతస్తులో హాలు తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం పక్కన చిన్న బల్ల మీద ఒక నడివయసు ఆవిడ స్టవ్వు ముట్టించి టీ కాస్తోంది. మెడలో కొలత టేపు వేలాడుతోంది, దుకాణం మూసి నేరుగా వచ్చినట్టుంది. ఆవిడ మేస్త్రిని చూసింది, భుజం మీద సంచీని చూసింది, సంచీలోంచి తొంగి చూస్తున్న పెద్ద స్పానర్ని చూసింది.

"అమ్మయ్య, వచ్చారా. లిఫ్టు బాగుచేయడానికేగా?"

మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పవలసిన మాట అక్కడి దాకా వచ్చింది. హాలులో కుర్చీలు సర్దుతున్న ఇద్దరు ముగ్గురు తలతిప్పి చూశారు.

"అవునండీ" అన్నాడు.

ఆ మాట అన్నాక ఇక చేసేదేముంది, లిఫ్టు చూశాడు. కిందికెళ్ళి మేడ యజమాని అయిన ప్రెస్సాయనతో మాట్లాడి, తాళాలు తీసుకుని, పైకొచ్చి, నాలుగో అంతస్తు తలుపుకి అడ్డంగా కమ్మీ పెట్టి, సంచీలో ఎప్పుడూ ఉండే రేకు తగిలించాడు: "పని జరుగుతోంది. కదిలించవద్దు." తలుపు గడియ విప్పగానే సంగతి దొరికింది. ఏ అంతస్తులోనైనా తలుపు సరిగ్గా పడలేదని అనుమానమొస్తే లిఫ్టు అడుగు కదపదు. ఆ అనుమానం తీర్చడానికి ప్రతి తలుపు గడియ దగ్గరా ఒక చిన్న రాగి ముక్క ఉంటుంది, కాంటాక్టు అంటారు. ఇక్కడిది కాలి నల్లబడింది. కొత్తది ఆయన సంచీలోనే ఉంది. బిగించి పరీక్షించడానికి టీ చల్లారేంతసేపు చాలు.

అప్పటికి హాలులో మాటలు మొదలయ్యాయి. మేస్త్రి కొత్త కాంటాక్టుని సంచీలోంచి తీశాడు. బిగిస్తే పని అయిపోతుంది. పని అయిపోతే వచ్చే గురువారం రావడానికి ఏ వంకా ఉండదు. దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమైందండీ?" అంది టైలరమ్మ, స్టీలు గ్లాసులో టీ తెచ్చి పక్కన పెట్టి.

"చాలా చూడాలమ్మా. మీ లిఫ్టుని ఎన్నాళ్ళుగానో పట్టించుకున్నవాళ్ళు లేరు" అన్నాడు.

అది అబద్ధమేమీ కాదు. తర్వాతి గురువారాల్లో ఆయన పట్టాలకి నూనె రాశాడు, తాళ్ళు తుడిచాడు, అడుగున గోతిలో పేరుకున్న చెత్త ఎత్తాడు, అరిగిన బ్రేకు మార్చాడు. ఇవన్నీ చెయ్యవలసినవే. స్నానం చేయించి, తల దువ్వి, బట్టలు తొడిగి, ఊపిరి మాత్రం ఊదకుండా ఉంచాడంతే. హాలు బయట, లిఫ్టు దారిలోకి తల పెట్టి కూర్చుంటే ఆయన ముఖం ఎవరికీ కనిపించదు. చెవులు మాత్రం హాలులోనే ఉండేవి.

ఆయన ఊహించుకున్నట్టు అక్కడ ఎవరూ ఏడవలేదు. ఒకాయన, సీసా ఇంట్లో దాస్తే దొరికిపోతుందని పక్కింటి పూలకుండీలో దాచేవాణ్ణని చెప్పాడు. ఆ పక్కింటాయనా అదే భయంతో తన సీసా వీళ్ళ కుండీలో దాచేవాడట. ఎవరికీ అనుమానం రాకుండా ఇద్దరూ ఒకరి మొక్కలకి ఒకరు నీళ్ళు పోసుకునేవారట. రెండిళ్ళలోనూ పువ్వులు విరగబూశాయట. హాలంతా గొల్లుమంది. మేస్త్రి కూడా లిఫ్టు దారిలో తల పెట్టుకునే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకొకామె, సాయంత్రం ఆరవగానే తన చేతులు తన మాట వినేవి కావని చెప్పింది. మేస్త్రికి తన కాళ్ళు గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఇది తన ఒక్కడి కాళ్ళకే ఉన్న జబ్బనుకున్నాడు.

ఆ సాయంత్రాలు కాళ్ళు సందు వైపు తిరగలేదు.

"మీటింగులో ఏం మాట్లాడావు నాన్నా?" అని కూతురు అడిగితే, "అక్కడి మాటలు బయట చెప్పకూడదు. అది వాళ్ళ నియమం" అనేవాడు. నియమం నిజమే. నియమాలంటే గౌరవమున్న కూతురు ఇంకేమీ అడిగేది కాదు. కానీ "చేతులు కడుక్కో" అని కూడా అనలేదు.

మీటింగుకి వచ్చేవాళ్ళలో అందరికంటే పెద్దవాడు ఒక రిటైరైన బస్సు కండక్టరు. జీవితమంతా నిలబడి చేసిన ఉద్యోగం కుడి మోకాలిని మింగేసింది. కమ్మీ పట్టుకుని, అంతస్తు అంతస్తుకీ ఆగి, రొప్పుతూ వచ్చేవాడు. ఎంత ఆయాసపడుతున్నా పైకి రాగానే మేస్త్రిని పలకరించకుండా లోపలికి వెళ్ళేవాడు కాదు.

"ఏమయ్యా మేస్త్రీ, మా బండి కదిలేదెప్పుడు?"

"వచ్చే వారం పెద్దాయనా."

"పోయిన వారమూ ఇదే వచ్చే వారం చెప్పావు. మా డిపోలో చేరాల్సినవాడివి నువ్వు." ఆయన మోకాలు రుద్దుకుంటూ హాలు గుమ్మం వైపు చూపించాడు. "అయినా ఎన్నాళ్ళయ్యా ఇలా ఫుట్‌బోర్డు మీద వేలాడతావు? లోపల సీట్లు ఖాళీగా ఉన్నాయి."

మేస్త్రి స్పానరు కోసం సంచీలో తల దూర్చాడు.

ఆ తర్వాతి గురువారం కండక్టరు రాలేదు. మేస్త్రి మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. రొప్పు వినబడలేదు. హాలులో ఎవరో అడిగారు, "బాబాయ్ ఏడీ?"

"ఫోన్ చేశాడు" అంది టైలరమ్మ గొంతు. "మోకాలు వాచిపోయిందట. మెట్లెక్కితే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడట. లిఫ్టు వచ్చాక వస్తానన్నాడు." గొంతు తగ్గించి అంది: "గొంతు నాకు నచ్చలేదు. ఆ మనిషి ఒక్కడే ఉంటాడు. ఈ మీటింగు తప్పితే ఆయనకి సాయంత్రం వేళ వెళ్ళడానికి ఇంకోచోటు లేదు, ఆ మూల దుకాణం తప్ప."

మేస్త్రి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. కాంటాక్టు అక్కడే ఉంది. పనిలో చుక్క ముట్టనని ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన. తన పని వల్ల ఒక మనిషి పడిపోయాడన్న మాట ఎన్నడూ పడలేదు. ఇప్పుడు పని చేయకుండా ఉండటం వల్ల ఒక మనిషి, తన కళ్ళ ముందే, అంతస్తు అంతస్తుకీ ఆగి మోకాలు పట్టుకున్న మనిషి, పడిపోబోతున్నాడు. అది తన సిగ్గు ఖరీదు. దాన్ని వేరే మనిషి మోకాలి చేత కట్టించాడు.

కాలిపోయిన కాంటాక్టు ఊడదీశాడు. కొత్తది బిగించాడు. చేతులు ఎప్పటిలాగే నిలకడగా ఉన్నాయి. పైన మోటారు గదికి వెళ్ళి కరెంటు ఇచ్చి, కిందికొచ్చి, తలుపు మూసి, మీట నొక్కాడు. లిఫ్టు కదిలింది. అలవాటు ప్రకారం లోపల నిలబడి, కళ్ళు మూసుకుని, పైకీ కిందికీ తిరిగాడు. ప్రతి అంతస్తులో ఆపి తలుపు లాగి చూశాడు. ఎక్కడా చిన్న గరగర కూడా లేదు. తిరిగి నాలుగో అంతస్తుకి వచ్చి తలుపు తెరిచేసరికి, హాలులో మాటలు ఆగిపోయి ఉన్నాయి. టైలరమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"అయిందా?" అంది.

"అయిందమ్మా. పెద్దాయన ఇల్లు ఎక్కడో చెప్పండి. వెళ్ళి తీసుకొస్తాను."

"మా వాళ్ళ ఇళ్ళు బయటివాళ్ళకి చెప్పం మేస్త్రిగారూ."

మేస్త్రి కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత నమలడం ఆపేశాడు. "నేను బయటివాణ్ణి కాదు. మీలాంటివాణ్ణే. మొదటిరోజు ఈ మీటింగుకే వచ్చాను. మీరు లిఫ్టు కోసమా అన్నారు, అవునన్నాను."

"తెలుసు" అంది టైలరమ్మ.

"ఎప్పట్నుంచి?"

"పూలకుండీల కథ రోజు. మేం నవ్వినచోటే మీరూ నవ్వారు. బయటివాళ్ళు అక్కడ నవ్వరు, జాలిపడతారు."

"మరి పిలవలేదేం?"

"'కదిలించవద్దు' అని రేకు పెట్టుకుంది మీరే కదా" అంది ఆవిడ. పెదవి చివర చిన్న నవ్వు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది. ఆవిడ నవ్వుతోంది, హాలులో వాళ్ళు చోటిస్తున్నారు. కానీ మేస్త్రి కాలిపోయిన కాంటాక్టుని అరచేతిలో పెట్టి చూపించాడు. "ఒక మాట ఉంది. లిఫ్టుకి వచ్చిన జబ్బు ఇదొక్కటే. మొదటిరోజే తెలిసింది. కొత్తది ఇన్నాళ్ళూ నా జేబులోనే ఉంది. బాగుచేస్తే రావడానికి వంక ఉండదని చెయ్యలేదు."

టైలరమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ నల్లటి ముక్క వంకా, మెట్ల వంకా చూసింది.

"అంటే బాబాయ్ ఇన్ని వారాలూ ఊరికే ఎక్కాడా?"

"ఊరికే ఎక్కాడు."

ఆవిడ మాటల్లోంచి గారూ, మీరూ పోయాయి. "ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు, ఆయనకి. ప్రెస్సు వెనక సందులో నీలం తలుపు. వెళ్ళు. మేం ఇక్కడే ఉంటాం."

నీలం తలుపు దగ్గరగా వేసి ఉంది. మేస్త్రి తోసి చూశాడు. కండక్టరు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. మడత నలగని చొక్కా వేసుకున్నాడు. ఒక కాలికి బూటు ఉంది, రెండో బూటు చేతిలో ఉంది. మోకాలు గుడ్డ చుట్టి లావుగా ఉంది. గదిలో వాసన లేదు. మేస్త్రి ముక్కుకి ఆ సంగతి అన్నిటికంటే ముందు తెలిసింది.

"ఎక్కడికో బయల్దేరినట్టున్నారు పెద్దాయనా."

"ఒక బూటు దాకా బయల్దేరాను" అన్నాడు కండక్టరు. "రెండోది వేసుకుంటే మూల దుకాణానికి వెళ్తాను. అది తెలుసు. అందుకే వేసుకోకుండా చాలాసేపట్నుంచి చేత్తో పట్టుకుని కూర్చున్నా. చెయ్యి నొప్పెడుతోంది."

మేస్త్రి నేల మీద, ఆయన మోకాలికి ఎదురుగా కూర్చున్నాడు. కాంటాక్టు సంగతి చెప్పాడు. ఈసారి ఇంకా తక్కువ మాటల్లో చెప్పాడు.

కండక్టరు చేతిలో బూటుని ఒళ్ళోకి దించాడు.

"తాళం జేబులో పెట్టుకుని జనాన్ని బస్సు వెనకాల నడిపించావన్నమాట" అన్నాడు. "మా రోజుల్లో అయితే సస్పెండు చేసేవాళ్ళు."

"చెయ్యండి."

"చేస్తే ఇప్పుడు నన్ను పైకెవడు తీసుకెళ్తాడు?" ఆయన బూటు మేస్త్రి చేతికిచ్చాడు. "తిట్టాల్సింది చాలా ఉంది. కూర్చుని తిడతాను, ఇక్కడ కాదు, అక్కడ. ముందు ఇది తొడుగు. మెల్లగా. ఆ కాలే."

మేస్త్రి బూటు తొడిగి, లేసు కట్టాడు. భుజం ఆసరా ఇచ్చి సందు దాటించాడు. ప్రెస్సు దగ్గర సంచీ దించి, "కాస్త చూస్తూ ఉండండి" అని ప్రెస్సాయనకి అప్పగించాడు. లిఫ్టులోకి ఎక్కి తలుపు వేశాక కండక్టరు అద్దం వంకా, మీటల వంకా, కొత్తగా మెరుస్తున్న కమ్మీ వంకా చూసి, అలవాటుగా పక్క రేకుని వేళ్ళతో రెండుసార్లు కొట్టాడు.

"రైట్ రైట్" అన్నాడు.

లిఫ్టు పైకి లేచింది. మేస్త్రి ఈసారి కళ్ళు మూసుకోలేదు.

హాలులో ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. టైలరమ్మ టీ మళ్ళీ పెట్టింది. కండక్టరు ఎప్పటి కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. గుమ్మం పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంది. అది ప్రతి గురువారం అక్కడే ఉండేదని మేస్త్రికి అప్పుడు తట్టింది. దాంట్లో కూర్చున్నాడు. భుజం మీద సంచీ లేకపోయేసరికి ఒక పక్కకి ఒరిగినట్టుగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"చెప్పయ్యా, ఎక్కడ ఎక్కావు?" అన్నాడు కండక్టరు.

"నేను లిఫ్టు మెకానిక్‌ని" అని మొదలుపెట్టి ఆగాడు. ఎవరూ తొందరపెట్టలేదు. "కానీ ఇక్కడికి లిఫ్టు బాగుచేయడానికి రాలేదు. తాగుడు మానడానికి వచ్చాను. పనిలో ఎప్పుడూ తాగలేదు, అందుకని తాగుబోతుని కాననుకున్నాను. నా మనవరాలి తల నా చేతిలోంచి జారింది. మా అమ్మాయి చెయ్యి అడ్డం పడింది." చెప్పదలుచుకున్నది ఇంకా చాలా ఉందని తెలిసి ఆయనకే ఆశ్చర్యమేసింది. చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. కూతురు హాలులో పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పాప మేలుకునే ఉంది, గుప్పెట నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. భార్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"సంచీ ఏదండీ?" అంది భార్య.

"ప్రెస్సులో వదిలేశాను. రేపు తెచ్చుకుంటాను."

భార్య ఒలవడం ఆపి తలెత్తింది. ఆయన పనిముట్లు వదిలిరావడం ఆవిడ ఇంతవరకు చూడలేదు.

"ఎలా జరిగింది నాన్నా?" అంది కూతురు, ప్రతివారం అడిగినట్టే.

"వాళ్ళ మాటలు చెప్పను. నాది చెప్తాను. ఇన్నాళ్ళూ అక్కడికి వెళ్ళాను గానీ లోపలికి వెళ్ళలేదు తల్లీ. బయట లిఫ్టు బాగుచేస్తూ కూర్చున్నాను. నీకు వెళ్తున్నానని చెప్పాను, లోపల కూర్చోలేదని చెప్పలేదు. దానివల్ల ఒక పెద్దమనిషి చాలా అవస్థపడ్డాడు. ఇవాళ లోపల కూర్చున్నాను. మాట్లాడాను. వచ్చే వారం ఆయన్ని నేనే ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్ళాలి."

కూతురు నడక ఆపింది. తండ్రి ముఖాన్ని, చేతుల్ని, మళ్ళీ ముఖాన్ని చూసింది. ల్యాబులో రంగు మారుతుందా లేదా అని గాజు పలక వంక చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా, తొందర లేకుండా చూసింది. పాప గుప్పెట నోట్లోంచి తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"ఆ గోళ్ళలో గ్రీజు చూడు" అంది కూతురు. "చేతులు కడుక్కో. మోచేతుల దాకా."

మేస్త్రి పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. సబ్బు రాసి, కడిగి, మళ్ళీ రాసి, గోళ్ళ సందుల్లో బ్రష్షుతో తోమాడు. లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది: "చర్మం ఉంచుతారా లేదా?" వెనకాల కూతురు ఉతికిన తువ్వాలు తీసి దులుపుతున్న చప్పుడు, ఆ తర్వాత కుర్చీ గోడ దగ్గరికి జరుపుతున్న చప్పుడు కూడా ఆయనకి వినిపించాయి.